అక్షరం కింద వేలు

దేవవరం నోరు తెరిస్తే ఊరంతా నవ్వలేక చావాలి, ఒకడు మాత్రం సిగ్గుతో చావాలి అని నగరి పక్క మగ్గాల వీధుల్లో ఒక మాట ఉండేది. నవ్వేవాళ్లు ఎప్పుడూ ఎక్కువ. సిగ్గుపడేవాడు ఒక్కడే. అందుకని ఆ మాటను అందరూ మెచ్చుకోలుగానే అనేవాళ్లు. దేవవరం కూడా అట్లాగే తీసుకున్నాడు.

ఆయనది నూలుకు రంగులద్దే పని. యాభై ఎనిమిదేళ్లుంటాయి. అందులో ముప్పై అయిదేళ్లు రంగు తొట్టి దగ్గరే నిలబడ్డాడు కాబట్టి చేతిగోళ్లు నీలంగా మారి, ఏ సబ్బుకూ లొంగకుండా అట్లాగే ఉండిపోయాయి. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని పాత మిషను గుడిలో బైబిలు పాఠం చదవడానికి నిలబడితే ఆ గోళ్లు వెనక వరసకు కూడా కనిపిస్తాయి. చదివింది ఏడో తరగతే. అయినా గంట కొట్టినట్టు చదువుతాడు. ఆ గుడికి ఆయన సంఘపెద్ద. పాస్టరు అయ్యగారు మెతక మనిషి. కొత్త సంఘాలవాళ్లు ఎవరైనా వాదానికి వస్తే, "మా దేవవరం ఉన్నాడు, ఆయనతో మాట్లాడండి" అని తప్పుకునేవాడు.

దేవవరంతో ఎవరూ రెండోసారి మాట్లాడేవాళ్లు కాదు. ఆయన వాక్యానికి వాక్యం చెప్పి ఊరుకోడు. ఎదుటివాడి మాటను తీసుకుని, దానికే ఒక తోక తగిలించి, జనం ముందు ఆడిస్తాడు. అట్లా చేయడం తప్పు కదా అని ఎవరన్నా అంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఏలీయా ప్రవక్త ఏం సేసినాడప్పా? బయలు దేవత పూజారులు పొద్దుట్నించీ అరస్తా ఉంటే, మీ సామి నిద్రపోతా ఉండాడేమో, ఇంగా గట్టిగా అరవండి అని ఎగతాళి సేయలేదా? ఆయన సేస్తే ప్రవచనం, నేను సేస్తే పాపమా?"

అడిగినవాడు అక్కణ్నించి లేచిపోయేవాడు.

ఆ యేడు మామిడికాయల లారీలు తగ్గిన రోజుల్లో, పాత గుడి నుంచి రెండు కుటుంబాలు కొత్త సంఘానికి వెళ్లిపోయాయి. వెళ్లడమే కాదు, పసితనంలో తలమీద నీళ్లు చల్లి ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని చెప్పి, రామచంద్ర తోటలోని బోరు తొట్టిలో మళ్లీ మునిగారు. వాళ్లను ముంచింది ప్రేమానందం.

ప్రేమానందం కొత్తవాడు కాదు. ఒకే రంగు తొట్టికి అటువైపు దేవవరం, ఇటువైపు ప్రేమానందం, పద్దెనిమిదేళ్లు పని చేశారు. కాగే రంగులో చిలపలు, అంటే నూలు పోగుల చుట్టలు, కర్రలకు వేలాడుతూ ఉంటాయి. ఇద్దరూ చెరొక కొస పట్టి, కర్రను ఒకేసారి లేపాలి, ఒకేసారి తిప్పాలి, ఒకేసారి దించాలి. ఒకడు ముందయి ఇంకొకడు వెనకయితే నూలు మీద మచ్చ పడుతుంది. ఆ ఇద్దరి చేతిలో మచ్చ పడ్డ నూలు లేదని షావుకార్లు అనేవాళ్లు. ప్రేమానందం పాత గుడిలోనే పుట్టాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు, భార్యను అక్కడి సమాధుల తోటలోనే పూడ్చాడు. పదకొండేళ్ల కిందట గుడి మారాడు. అప్పటినుంచి పని కూడా రైలుకట్ట పక్కనున్న వేరే షెడ్డులో. కొత్త సంఘం పెట్టిన బోధకుడు చెన్నపట్నం వెళ్లిపోయాక, మూతపడిన మగ్గాల షెడ్డులో ఆ పాతికమంది జనాన్ని అతనే చూసుకుంటున్నాడు.

రెండు కుటుంబాలు పోయేసరికి పాత గుడి పెద్దలకు కడుపు మండింది. చర్చ పెట్టాలన్నారు. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వొచ్చా, కూడదా, అదీ విషయం. కబురు తీసుకుని దేవవరమే వెళ్లాడు.

"సర్చ ఎందుకన్నా," అన్నాడు ప్రేమానందం. "నువ్వు వచ్చి సెప్పు, నేను వింటా. నాకు మైకులో మాట్లాడేది రాదు."

"మైకు కరవదప్పా."

అక్కడే ఉన్న సంఘంలోని పడుచువాళ్లు పౌరుషానికి పోయారు. మనం భయపడినామనుకుంటారయ్యా అన్నారు. ప్రేమానందం తల ఊపాడు.

ఆదివారం మధ్యాహ్నం గుడి ఆవరణలో షామియానా వేశారు. ఇటు పాత సంఘం, అటు కొత్త సంఘం, నడుమ రెండు కుర్చీలు, ఒక మైకు. హిందువుల ఇళ్లనుంచి కూడా కొందరు వచ్చారు. తొట్టి తనది కాబట్టి రామచంద్ర ముందు వరసలోనే కూర్చున్నాడు. పాత సంఘం సెక్రటరీ ఫోను నిలబెట్టి వీడియో తీస్తున్నాడు.

దేవవరం మెల్లగా లేచాడు. చొక్కా సర్దుకున్నాడు.

"సోదరులారా, మొన్న పొద్దున మన రెండిండ్లోళ్లని రామచంద్ర తొట్టిలో ముంచినారు. సంతోషం. సాయంత్రం అదే తొట్టిలో రామచంద్ర ఎనుములు కూడా దిగినాయి. తెలవక అడగతా ఉండా ప్రేమానందం, ఆ ఎనుములు ఇప్పుడు ఏ సంఘంలో ఉండాయి?"

షామియానా కింద నవ్వు లేచింది. రామచంద్ర తొడ కొట్టుకున్నాడు. "నా ఎనుములు యాడికీ పోలేదప్పా, ఇంట్లోనే ఉండాయి!"

ప్రేమానందం కూడా కొంచెం నవ్వాడు. మైకు దగ్గరికి వచ్చి, "మనసు మారినోడు మునగాలన్నా. పసిబిడ్డకి మనసు మారేదేముంటాది? నేను అనేది అంతే," అన్నాడు. మాట చిన్నదే. కానీ సూటిగా ఉంది. పాత సంఘంలో ఒకరిద్దరి తలలు కూడా ఊగాయి.

దేవవరం ఆ ఊగిన తలలు చూశాడు.

"మునిగితేనే అయ్యేదుంటే, పులికాట్ కాడ రొయ్యలు పట్టేటోళ్లు పొద్దస్తమానం నీళ్లలోనే ఉంటారు. వాళ్లకంటే పరిశుద్ధులు లోకంలో లేరు. పదండి, బస్సు కట్టుకోని పోయి వాళ్ల కాళ్లు మొక్కుదాం."

మళ్లీ నవ్వు. ఒకడు ఈల వేశాడు. ఆ నవ్వు ఎట్లా ఉంటుందో దేవవరానికి తెలుసు. ఎండలో నడిచి వచ్చినవాడికి ముంతెడు మజ్జిగ లాంటిది. ఒక ముంత తాగితే ఇంకొకటి కావాలనిపిస్తుంది.

"సరే, ఎగతాళి వద్దు, వాక్యంలోకే పోదాం," అన్నాడు. "చెరసాల నాయకుడి కథ తీయి. భూకంపం వచ్చి ఖైదీల సంకెళ్లు ఊడిపోతే, ఆ రాత్రే ఆయనా, ఆయన ఇంటివాళ్లంతా బాప్తిస్మం తీసుకున్నారా, లేదా? ఇంటివాళ్లంతా అంటే ఉయ్యాల్లో బిడ్డ కూడా వస్తాదా, రాదా? నేను సదివితే నేనే కల్పించినానంటావు. నువ్వే సదువు."

అది వల. దేవవరం తెలిసే వేశాడు. ప్రేమానందం ముప్పై ఆరో యేట అక్షరాలు నేర్చుకున్న మనిషి అని ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ప్రేమానందం జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. పుట తిప్పడానికి చాలాసేపు పట్టింది. వేలు పెట్టాడు. ఒక అక్షరం, దాని గుణింతం, దాని కింద ఒత్తు. తరువాత ఇంకొక అక్షరం. మాట మొత్తం పూర్తయ్యాక దాన్ని ఇంకొకసారి కలిపి చదివేవాడు, సరిగ్గా వచ్చిందో లేదోనని. మైకులో అతని ఊపిరి పెద్దగా వినిపిస్తోంది. షెడ్డులో పాతికమంది ముందు అట్లాగే చదివేవాడు. వాళ్లు ఆగేవాళ్లు. ఇక్కడ మూడువందల మంది ఉన్నారు.

రెండో వాక్యం నడుమ అతను ఒక సంయుక్తాక్షరం దగ్గర ఆగాడు. దేవవరం మైకు వైపు వంగాడు.

"మెల్లగా సదువప్పా, తొందరేం లే. చెరసాల నాయకుడు తెల్లారేదాకా ఆగుతాడు."

ఈసారి లేచిన నవ్వుకు షామియానా గుంజలు ఊగాయి. కొత్త సంఘంవాళ్లలో కూడా ఇద్దరు ముగ్గురు పడుచువాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ప్రేమానందం తల ఎత్తలేదు. వేలు ఉన్నచోటే ఉంది. నవ్వు తగ్గాక కళ్లద్దాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. గ్రంథం మూశాడు.

"అన్న సెప్పిందే సరే," అని కూర్చున్నాడు.

అంతటితో చర్చ అయిపోయింది. బోండాలు, టీ ఇచ్చారు. అయ్యగారు వచ్చి దేవవరం చెయ్యి పట్టుకుని ఊపాడు.

వీడియో ఆ సాయంత్రానికే పుత్తూరు దాటింది. 'ఒక్క మాటతో మూయించినాడు' అని పేరు పెట్టి, కింద నవ్వే బొమ్మలు పెట్టి పంపారు. తిరుపతి నుంచి ఎవరో పెద్ద సంఘంవాళ్లు ఫోను చేసి, మా దగ్గర కూడా ఒక చర్చ ఉంది, వస్తారా అని అడిగారు. వీధిలో రామచంద్ర ఎదురొచ్చి, "దేవవరమా, అలిపిరి కాడ హరికథలు సెప్పేటోళ్లు కూడా నీ ముందర దిగదుడుపే అప్పా! మాలో పుట్టుండాల్సినోడివి," అన్నాడు. దేవవరం మూడు రోజులు నేలమీద నడవలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం భోంచేసి, పెళ్లాన్ని పిలిచాడు. నాగరత్నమ్మ చర్చ రోజు జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయింది. ఊరంతా చూసింది, ఆమె చూడలేదు.

"రా మే, నీ మొగుడి పెతాపం సూద్దువు."

ఆమె చేయి తుడుచుకుని వచ్చి, ఫోను అందుకుని, గోడకు ఆనుకుని చూసింది. ఎనుముల దగ్గర నవ్వింది. పులికాట్ దగ్గర ముక్కుతో నవ్వింది. తరువాత నవ్వలేదు. అయిపోయాక ఫోను ఆయన చేతికి ఇచ్చేసింది.

"ఏమ్మే, ఏమీ అనవు?"

"ఆ వేలు సూడు," అని, ఎంగిలి గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

దేవవరం మళ్లీ పెట్టి చూశాడు. ప్రేమానందం చదవడం మొదలుపెట్టినప్పుడు సెక్రటరీ ఫోనును దగ్గరికి జరిపినట్టున్నాడు. తెర నిండా పుట, పుట మీద ఒక వేలు. గోరు నీలం. ఒక్క క్షణం అది తన వేలే అనుకున్నాడు దేవవరం.

అప్పుడు ఆయనకు గోడ గుర్తుకొచ్చింది.

పద్దెనిమిదేళ్ల కిందట, రంగు కాగేలోపు దొరికే సందులో, ప్రేమానందం సిగ్గుపడుతూ అడిగాడు. "అన్నా, పాటల పుస్తకంలో ఆనందం అనే మాట ఉంటాది గదా. అది నా పేరులోదే గదా. యాడుంటాదో సూపిస్తావా?"

దేవవరం చూపించాడు. ప్రేమానందం ఆ మాటను చాలాసేపు చూశాడు. "ఇంత సిన్నదా!" అన్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి తొట్టి అడుగున మిగిలిన ఎర్రరంగులో కర్ర కొస ముంచి, దేవవరం షెడ్డు గోడమీద రోజుకొక అక్షరం రాసేవాడు. ప్రేమానందం దాని పక్కనే ఇంకొకటి రాసేవాడు. రెండేళ్లు పట్టింది. అక్షరాలు వచ్చాక వాక్యం చదివించాడు. చదివేటప్పుడు వరస తప్పి, పైన మొదలుపెట్టి కిందికి జారిపోయేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి. అప్పుడు దేవవరమే అతని చెయ్యి పట్టుకుని, పుటమీద పెట్టాడు.

"వేలు తీయొద్దు ప్రేమానందం. వేలు ఉండేంతసేపు అక్షరం యాడికీ పారిపోదు. మెల్లగా సదువు. తొందరేముంది?"

ఆ రోజు ఆ మాటలో సూది లేదు.

దేవవరం ఫోను బోర్లా పెట్టాడు. ఇంట్లో ఎవరూ లేకపోయినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏలీయాను తెచ్చుకుందామని చూశాడు. ఏలీయా ఎగతాళి చేసింది తనకు ఎదురు నిలబడిన నాలుగువందల యాభై మందిని. వాళ్లలో ఎవరికీ ఆయన అక్షరాలు నేర్పలేదు.

శనివారం గుడికి వెళ్లాడు, మరుసటి రోజు పాఠం ఒకసారి చూసుకుందామని. దేవకమ్మ లోపల చిమ్ముతోంది. డెబ్బై దాటిన మనిషి. గుడి చిమ్మడం, గంట కొట్టడం ఆమె పని. కూతురు మాత్రం కొత్త సంఘానికి పోతుంది. అందుకని ఆమెకు రెండు చోట్ల సంగతులూ తెలుసు.

"ప్రేమానందం ఎట్లుండాడత్తా?" అని అడిగాడు దేవవరం, పుట తిప్పుతూ, ఏదో మాటవరసకు అడిగినట్టు.

"ఉండాడు. సదవడం లేదంట."

"ఏం సదవడం లేదు?"

"వాక్యం. ఈ వారం నడుమ ప్రార్థన కూడిక పెట్టుకుంటే గ్రంథం కూతురు జయంతి సేతికిచ్చి సదవమన్నాడంట. నాయనా నువ్వే సదువు అని ఆ బిడ్డ ఎంత బతిమాలినా, నా కండ్లు సరిగా కనిపించడం లేదమ్మా అన్నాడంట. కండ్లద్దాలు పెట్టెలో వేసేసినాడంట." ఆమె చీపురు నేలకు కొట్టి దుమ్ము దులిపింది. "నేనూ నవ్వినాన్లే ఆపొద్దు. నీ ఒక్కడిదే అనుకోవద్దు. ఇంటికి పోయినాక కూడు దిగలే."

దేవవరం ఇంకొక పుట తిప్పాడు.

"ఆ పొద్దు కూడా అంతే," అంది దేవకమ్మ.

"ఏ పొద్దు?"

ఆమె చీపురు ఆపి, ఆయన్ను ఎగాదిగా చూసింది. "గుర్తు లేదా? ఇంగ ఎవురికి గుర్తుంటాది!"

ఆ గుడిలో మంచి శుక్రవారం నాడు ఒక పద్ధతి ఉంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలనూ ఏడుగురు చదువుతారు. ఎవరికి ఏ మాట అని సంఘపెద్దే పంచుతాడు. ఏడుగురిలో ఒకడు కావడమంటే పెళ్లిలో తాంబూలం అందుకున్నంత గౌరవం. పదకొండేళ్ల కిందట ప్రేమానందం దేవవరం దగ్గరికి వచ్చాడట. చదువు వచ్చింది కదా, ఏడు మాటల్లో చిన్న మాట ఒకటి నాకియ్యన్నా, దప్పిక అనే మాట చాలు అన్నాడట. దేవకమ్మ అప్పుడు వాకిట్లో నీళ్లు చల్లుతోంది.

"నువ్వేమన్నావో సెప్పేదా?" అంది. "నువ్వు దప్పిక అని సదివి ముగించేసరికి గుడిలో జనానికంతా నిజంగానే నాలుక ఎండిపోతాదప్పా, కడవలు పెట్టించాల అన్నావు. పక్కనున్నోళ్లంతా పడీపడీ నవ్వినారు. ఆయనా నవ్వినాడు. ఆ నెల దాటినాక ఆ కొత్త సంఘానికి పోయినాడు. మీరంతా నీళ్లు నీళ్లు అని కొట్లాడతా ఉండారు గానీ, ఆయన పోయింది నీళ్లకోసరం కాదు నాయనా. ఆడ సదవనిచ్చినారు."

ఆమె మళ్లీ చిమ్మడం మొదలుపెట్టింది. దేవవరం పాఠం పుట ముందు నిలబడే ఉన్నాడు. ఆ మాట తాను అన్నట్టు ఎంత తవ్వినా గుర్తు రాలేదు. అనుంటాడని మాత్రం తెలుసు. అది తన మాటే. కడవలు పెట్టించాలనడం తప్పకుండా తన మాటే. అట్లాంటివి ఎన్ని అనుంటాడో, ఎవరెవరిని అనుంటాడో, వాళ్లలో ఎంతమంది నవ్వి వెళ్లిపోయి ఉంటారో.

ఆ రోజు మధ్యాహ్నమే రైలుకట్ట పక్క షెడ్డుకు పోయాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. 'తప్పయిపోయింది ప్రేమానందం, మన్నించు.' మూడు మాటలు. మూడువందల మంది ముందు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషికి ఇది ఎంత?

ప్రేమానందం తొట్టి పక్కన ఒంటరిగా కూర్చుని, కొత్త నూలు కట్టలు విప్పుతున్నాడు. దేవవరాన్ని చూసి లేచాడు.

"రా అన్నా. కూర్చో. టీ సెప్పేదా?"

"వద్దులే."

తొట్టిలోంచి ఆవిరి లేస్తోంది. ఇద్దరూ దాన్ని చూశారు. దేవవరం గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. లోపల కూర్చుకున్న మూడు మాటలూ ఎక్కడికి పోయాయో పోయాయి. నాలుకకు అలవాటున్నదే బయటికొచ్చింది.

"ఏమప్పా, చెరసాల నాయకుడు ఇంగా వాకిట్లోనే నిలబడుకోని ఉండాడు. వచ్చి మిగతాది సదివి పంపించకూడదా?"

అది దేవవరం చెప్పాలనుకున్న క్షమాపణే. కానీ చెవికి మళ్లీ అదే ఎగతాళిలాగా వినిపించింది.

ప్రేమానందం నవ్వాడు. పెదవులు మాత్రమే కదిలాయి. పక్కనున్నవాళ్లు నవ్వుతుంటే తాను నవ్వకపోతే బాగుండదని నవ్వే నవ్వు అది. అక్కడ పక్కన ఎవరూ లేరు. పదకొండేళ్ల కిందట గుడి వాకిట్లో అతను నవ్విన నవ్వు ఇదేనని, తాను చూడకపోయినా, దేవవరానికి తెలిసిపోయింది.

"నువ్వు భలే మాట్లాడతావన్నా," అన్నాడు ప్రేమానందం.

దేవవరం వచ్చినదారినే ఇంటికి పోయాడు.

మరుసటి రోజు ఆదివారం. తెల్లచొక్కా వేసుకుని బయలుదేరాడు గానీ గుడి మలుపు దగ్గర కుడికి తిరగలేదు. ఇవాళ పాఠం ఇంకెవరైనా చదువుతారు. ముప్పై ఏళ్లలో ఆయన లేని ఆదివారం అది ఒక్కటే. వెనక దేవకమ్మ గంట కొడుతూనే ఉంది.

తొమ్మిది దాటి కొత్త సంఘం షెడ్డులో పాట మొదలయ్యేదాకా వీధుల్లో తిరిగాడు. దేవవరం చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి, వెనక చాప మీద కూర్చున్నాడు. ఒకరొకరుగా తలలు తిరిగాయి. పాట సన్నబడింది. ఒక ఆడమనిషి పైట కొంగు ముందుకు లాక్కుంది. ఒక పడుచువాడు ఫోను తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు, మళ్లీ ఏమంటాడో పట్టుకుందామని. దేవవరం తలవంచుకుని చాప పోగులు చూస్తూ కూర్చున్నాడు. కుక్క ఇంట్లో దూరితే కోళ్లు ఎట్లా ముడుచుకుంటాయో అట్లా ఉంది అక్కడ. తాను కుక్క అయ్యాడు.

పాట అయిపోయింది. జయంతి గ్రంథం తీసుకుని లేచింది. ఇరవై రెండేళ్ల పిల్ల, నగరిలో నర్సు ట్రైనింగు చేస్తోంది. దేవవరం వైపు చూడలేదు. ఆమె పుట తెరిచేలోపు ప్రేమానందం చెయ్యి ఎత్తాడు.

"ఉండమ్మా. అన్న వచ్చినాడు. అన్న సదువుతాడు."

"నాయనా, ఆయన..."

"అన్న బాగా సదువుతాడమ్మా. ఈయనకంటే బాగా సదివేటోళ్లు మన వైపు లేరు."

దేవవరం తల ఎత్తి అతని మొహం చూశాడు. ఇరవై ఏళ్లుగా మాటల్లో సూదులు పెట్టిన మనిషి. ఎదుటివాడి మాటలో ఎక్కడ సూది ఉంటుందో ఆయన చీకట్లో కూడా తడిమి చెప్పగలడు. వెతికాడు. కళ్లల్లో వెతికాడు, పెదవి కొసన వెతికాడు. లేదు. అతను నిజంగానే అన్నాడు. ఒక్క సూదైనా ఉంటే దానికి దేవవరం చెయ్యెత్తి మొక్కి ఉండేవాడు.

జయంతి గ్రంథం తెచ్చి ఇచ్చింది. ఎక్కడ చదవాలో పుట మడిచి ఉంది. చెరసాల నాయకుడి కథే. ఆ రోజు ఆగిపోయిన చోటునుంచే వాళ్లు చదువుకుంటున్నారు.

దేవవరం నిలబడి మొదలుపెట్టాడు. కంఠతా వచ్చిన కథ. ఎన్నిసార్లు వాదంలో వాడాడో లెక్కలేదు. వాడినప్పుడల్లా 'ఇంటివాళ్లంతా' అన్న మాటకు పరుగెత్తుకుంటూ పోయేవాడు, దానితో ఎదుటివాణ్ని కొట్టడానికి. ఈసారి పరుగు రాలేదు. తెలియకుండానే వేలు పుటమీదికి వెళ్లింది. అందుకని, బాప్తిస్మానికి ముందే ఆ వాక్యంలో ఉన్న ఇంకొక సంగతి కంటపడింది. ఆ రాత్రి చెరసాల నాయకుడు ఖైదీలను తీసుకుపోయి, దెబ్బలు తిన్న వాళ్ల గాయాలు కడిగాడు. నీళ్లు మొదట దానికి వాడాడు. తలమీద చల్లారా, తొట్టిలో ముంచారా అన్నది ఆ తరువాతి మాట.

గాయాలు అన్న దగ్గర దేవవరం ఆగిపోయాడు. ఇంకొకసారి మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండు అనుకున్నాడు. ఫోను పట్టుకున్న పడుచువాడు దాన్ని బోర్లా పెట్టేశాడు.

ప్రేమానందం లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మెల్లగా సదువన్నా," అన్నాడు. "అక్షరం యాడికీ పారిపోదు."

దేవవరం చదివాడు. ఎట్లా చదివాడో ఆయనకే తెలియదు. గంట కొట్టినట్టు మాత్రం లేదు. ముగించి, గ్రంథం ప్రేమానందం వైపు చాచాడు.

"తప్పయిపోయింది ప్రేమానందం," అన్నాడు, అందరూ వినేటట్టు. "ఆ పొద్దుది. గుడి వాకిట్లోది కూడా. మిగతాది నువ్వు సదువు."

గుడి వాకిలి అనేసరికి ప్రేమానందం మొహంలో ఏదో కదిలింది. గ్రంథం అందుకున్నాడు. కాసేపు పట్టుకున్నాడు. తరువాత దాన్ని జయంతి చేతికిచ్చాడు.

"నువ్వు సదువమ్మా," అన్నాడు.

దేవవరం తిరుపతికి రానని చెప్పేశాడు. వీడియో తీసేయమని సెక్రటరీని అడిగితే, "నేను తీసేస్తే ఏముందన్నా, ఊరూరా ఉండాది," అన్నాడు. అది నిజమే. బస్టాండులో ఇప్పటికీ ఎవడో ఒకడు ఎదురొచ్చి, చెరసాల నాయకుడు తెల్లారేదాకా ఆగుతాడు అంటూ నవ్వుతాడు. దేవవరం నవ్వడు. ఎందుకు నవ్వడో వాళ్లకు అర్థం కాదు. వయసు పైబడి మనిషిలో పస తగ్గిందనుకుంటారు.

పాత గుడిలో ఆరాధన తొమ్మిదికల్లా అయిపోతుంది. ఆ తరువాత ఆయన నడుచుకుంటూ షెడ్డుకు పోయి వెనక చాప మీద కూర్చుంటాడు. వాళ్లు ఇప్పుడు ముడుచుకోరు. కొంచెం జరిగి చోటిస్తారు. మంచినీళ్లు ఇస్తారు. నాలుక కొసకు మాటలు వస్తూనే ఉంటాయి. మింగుతూ ఉంటాడు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి నాగరత్నమ్మ తలుపు దగ్గరే ఉంటుంది. ప్రతి వారం అదే ప్రశ్న.

"సదివినాడా?"

"లేదు."

మొన్న ఆదివారం కూడా అడిగింది. దేవవరం చెప్పులు విడిచి, కాళ్లమీద నీళ్లు పోసుకుని, అరుగుమీద కూర్చున్నాడు.

"కండ్లద్దాలు తెచ్చుకున్నాడు," అన్నాడు. "పుట తీసినాడు. వేలు పెట్టినాడు."

"ఆమీట?"

"నన్ను సూసినాడు. మూసేసినాడు."

నాగరత్నమ్మ లోపలికి పోయి అన్నం పెట్టింది.